ఏడింటి హమ్

జూన్ 3, 2024. సోమవారం

స్పీకర్లు వచ్చి మూడు రోజులైంది. రెండూ తలుపు రెక్కల్లా నిలబడి ఉన్నాయి, నాకంటే జానెడు ఎత్తు. అచ్యుత అన్నయ్య బెంగుళూరులో ఇల్లు ఖాళీ చేసి ఫ్లాటుకు మారుతూ, అక్కడ వీటికి చోటు లేదని నాకు పంపాడు. "మన ఇంట్లో చెవులున్నవాడివి నువ్వొక్కడివే" అన్నాడు ఫోనులో.

బి.యస్సీ. రోజుల నుంచి ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ల గురించి చదవడమే కానీ ఇంట్లో పెట్టుకుంటాననుకోలేదు. వీటిలో అయస్కాంతం లేదు, కాగితపు గరాటు లేదు. చిల్లుల రేకులు రెండు, వాటి మధ్య ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్, దానికి వేల వోల్టుల చార్జి. అంతే. మనిషి గొంతును ఇంత నిజంగా పలికేవి ఇంకేవీ లేవంటారు.

1994లో కోరమాండల్ గని కాలనీలో నా భార్య వత్సల పాడినప్పుడు నేను రికార్డు చేసిన టేపు ఉంది. తంబూరా, గొంతు, మరేమీ లేవు. దాన్ని ఒక్కసారి సరిగ్గా వినాలి.

మా పాత ఆంప్లిఫయరుకు తగిలించాను. పది నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఆగిపోయింది.

వత్సల పగలంతా పడుకుంది. జనవరి ఆపరేషన్‌లో స్వరపేటిక మొత్తం తీసేసిన తర్వాత పగటి నిద్ర ఎక్కువైంది. ఊపిరి ఇప్పుడు మెడ కింద రంధ్రం నుంచే. ఏం కావాలన్నా పలక మీద రాస్తుంది. ఇవాళ రెండుసార్లు రాసింది. "కాఫీపొడి అయిపోయింది." "కిటికీ తెరవండి."

జూన్ 5

మళ్ళీ ఆగిపోయింది. ఈసారి ఎనిమిది నిమిషాలకు.

జూన్ 9, ఆదివారం

మా అమ్మాయి శ్రీరక్ష పొద్దుటి రైలుకు వచ్చింది. హాల్లో అడుగు పెట్టగానే స్పీకర్లను చూసింది. భోజనాలయ్యాక అడిగింది.

"నాన్నా, అమ్మ మెషిన్ ప్రాక్టీస్ చేస్తా ఉండాదా?"

ఆస్పత్రిలో ఇచ్చిన గొంతు యంత్రం సంగతి. చిన్న టార్చిలైటులా ఉంటుంది. మెడకు ఆనించి మీట నొక్కి పెదవులు కదిపితే మాట వస్తుంది. అది బీరువాలో, దాని పెట్టెలో ఉంది.

"అమ్మకి అది ఇష్టం లేదమ్మా" అన్నాను.

"అమ్మ చెప్పిందా?"

"చెప్పాలా? చూస్తే తెలీదా?"

శ్రీరక్ష తల్లిని లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది. గంట సేపు. నేను వైర్లు సరిచూసుకున్నాను. సాయంత్రం స్టేషన్లో రైలు ఎక్కుతూ అన్నది: "నువ్వు మళ్ళా సామాన్ల వెనక పడినావు నాన్నా. అమ్మ దగ్గర కొంచెం కూర్చో."

ఇంట్లోనే ఉన్నాను కదా రోజంతా. ఇంకెక్కడ కూర్చోవాలి.

జూన్ 16, ఆదివారం

బెంగుళూరు నుంచి ఒక డీలరు వారం రోజులకని వాల్వ్ ఆంప్లిఫయరు ఇచ్చాడు. చీకటి గదిలో ఆ వాల్వులు ఎర్రగా వెలుగుతుంటే చూడ్డానికి బాగుంది. టేపు పెట్టాను. తంబూరా విప్పారింది. వత్సల గొంతు వచ్చింది. తేనె పోసినట్లు ఉంది.

కానీ తేనెలో మునిగినట్లు కూడా ఉంది. శ, ష, స మూడూ మొద్దుబారాయి. ఆమె శకారం ఎంత పదునుగా ఉండేదో నాకు తెలియదా? బళ్ళో ముప్పై ఏళ్ళు పిల్లలకు సంగీతం చెప్పి, శకారం సరిగా పలక్కపోతే పాట ఆపేసిన మనిషి.

కారణం తెలుసు. ఈ స్పీకరు నిరోధం ఒక చోట నిలవదు. కింది స్వరాలకు చాలా ఎక్కువ, పైకి పోయేకొద్దీ పడిపోతుంది. వాల్వ్ ఆంప్లిఫయరుకు తన లోపలి నిరోధమే ఎక్కువ కాబట్టి, పై స్వరాలు బయటికి రాకముందే సగం లోపలే అరిగిపోతాయి. తెలిసినా విన్నాను. నాలుగుసార్లు విన్నాను.

మెడ మీద తడిగుడ్డ వేసుకుని వత్సల వంటింట్లోనే ఉంది. వినిపించే ఉంటుంది.

జూన్ 20

గాలి మొదలైంది. బంగారు గనుల వాళ్ళు పోసిపోయిన సైనైడ్ దిబ్బల మీది నుంచి బూడిదరంగు దుమ్ము. చార్జి ఉన్న పొర దుమ్మును అయస్కాంతంలా లాగేస్తుంది, ఒకసారి లోపలికి పోతే చిటపటలాడటం మొదలు. రేకుల మీద దుప్పట్లు కప్పాను. కిటికీలన్నీ మూశాను. సందుల్లో పాత చీర పేలికలు కుక్కాను. పొద్దుటి నుంచి ఇదే పని, నడుము పోయింది.

వత్సల పలక తెచ్చి చూపింది. "నాకు ఊపిరాడటం లేదు."

హాలువి తప్ప మిగతా కిటికీలు తెరిచాను.

జూన్ 23

వాల్వ్ ఆంప్లిఫయరు తిరిగి ఇచ్చేశాను. రైల్లో ఒళ్ళో పెట్టుకుని పోయి, ఖాళీ చేతులతో వచ్చాను. బేజారుగా ఉంది. ఎందుకు చేస్తున్నానో ఇది.

జూన్ 24

ఎందుకంటే ఆ గొంతును వినిపించాలి. ఆమెకు. ఆమె కోసమే.

జూలై 2

పక్కింటి ఉమేశ్ తన ఇంట్లో సినిమాలకు పెట్టుకున్న రిసీవరు తెచ్చి ఇచ్చాడు. మొదటి ఆలాపనలోనే, గొంతు పైకి ఎక్కగానే, లోపల టక్కుమని రిలే తెగింది. మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ అదే చోట. ఆమె గొంతు పైకి లేచే చోట.

జూలై 7, ఆదివారం

ఈశ్వరప్పను పిలిపించాను. గనుల్లోకి మనుషుల్ని దించే ఇనుప బోనును నడిపే వైండింగ్ ఇంజన్ దగ్గర ఎలక్ట్రీషియన్‌గా చేసేవాడు. గనులు మూసేశాక ఆండర్సన్‌పేటలో మోటార్లు చుట్టే షాపు పెట్టుకున్నాడు. నాకంటే మూడేళ్ళు పెద్ద. స్పీకర్ల చుట్టూ తిరిగి, వంగి, వెనక రాసింది చదివి, మీటరు పెట్టి కొలిచి, నేల మీద కూర్చున్నాడు.

"సార్, మీరు దీన్ని స్పీకరు అనుకుంటా ఉండారు. ఇది స్పీకరు కాదు, పెద్ద కండెన్సరు."

"తెలుసు ఈశ్వరప్పా."

"తెలిస్తే మళ్ళా ఈ ఆటబొమ్మలకు ఎందుకు తగిలించినారు? పైన ఇది ఒక ఓముకు పడిపోతాది. మీ ఆంప్లిఫయరుకి అది షార్ట్ అయినట్లే. పాపం అదేం చేస్తాది, భయపడి ఆఫ్ అయిపోతాది."

"వాట్లు ఎక్కువ ఉన్నది తెస్తే?"

"వాట్లు కాదు సార్. కరెంటు. ఎంత అడిగితే అంత ఇయ్యాల, అడిగినప్పుడల్లా ఇయ్యాల, ఇచ్చి కదలకుండా నిలబడాల. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, పెద్ద కండెన్సర్లు. రెండు ఓములకి ఇంత ఇస్తానని రాసి ఉండాల దాని మీద. రాయలేదంటే వద్దు."

వత్సల అతనికి కాఫీ తెచ్చి ఇచ్చింది. అతను లేచి నిలబడి రెండు చేతులతో అందుకున్నాడు. "బాగుండారా టీచరమ్మా?" అన్నాడు. ఆమె తల ఊపి నవ్వింది. పలక తీసుకోలేదు. అతను ఆమె ముఖం వైపే చూస్తూ ఉన్నాడు, ఏదో చెబుతుందని ఎదురుచూస్తున్నట్లు. ఆమె నా వైపు ఒకసారి చూసి లోపలికి పోయింది.

జూలై 14, ఆదివారం

దొరికింది. మాలూరులో ఫ్యాక్టరీ ఇంజనీరు శశికుమార్ అనే అతను ఆంప్లిఫయరు అమ్ముతున్నాడని తెలిసి ఈశ్వరప్పతో రైల్లో పోయాను. మూత విప్పి చూసి ఈశ్వరప్ప తల ఊపాడు. కుండంత ట్రాన్స్‌ఫార్మరు. రెండు ఓములకు ఎంత ఇస్తుందో వెనక రాసి ఉంది. ఈశ్వరప్ప వెంట తెచ్చిన కండెన్సరు తగిలించి అరగంట సేపు నడిపాడు. వేడెక్కింది, అంతే, ఆగలేదు.

బరువు ముప్పై అయిదు కిలోలు. ఇద్దరు ముసలివాళ్ళం చెరో చెవీ పట్టుకుని మాలూరు ప్లాట్‌ఫారం మీద నాలుగుచోట్ల దించి ఎత్తాం. ఇంటికొచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి. టేపు రేపు వింటాను. అలసిన చెవులతో వినకూడదు.

జూలై 15

దీన్ని గంట ముందే ఆన్ చేసి కాగనివ్వాలి. అందుకని రోజూ పోయే ఏడింటి నడక మానేసి, పొద్దున్నే ఆన్ చేసి కూర్చున్నాను.

ఏడు దాటాక సన్నగా హమ్, తుమ్మెద రొదలా. సెకనుకు వంద కంపనాలు ఉండవచ్చు, కరెంటు హమ్ లాగే. స్పీకరు దగ్గర చెవి పెడితే దాన్లోంచే అన్నట్లు ఉంది, లేనట్లూ ఉంది. ఇరవై నిమిషాలకు ఆగింది. ఇంత కష్టపడి ఇదా.

టేపు పెట్టబుద్ధి కాలేదు.

జూలై 16

మళ్ళీ ఏడింటికే. ఎర్తింగ్ సరిగా లేదేమోనని ఎర్త్ గుంతలో రెండు బిందెల నీళ్ళు పోశాను.

జూలై 17

మళ్ళీ. ఫ్రిజ్ ఆపాను, ఫ్యాన్లు ఆపాను. ఉంది. తెగి తెగి వస్తుంది. కరెంటు హమ్ అలా తెగి తెగి రాకూడదు.

జూలై 18

ఇవాళ ప్లగ్గు పీకేసి కూర్చున్నాను. అయినా వచ్చింది. శ్రీరక్షకు ఫోన్ చేసి, నా చెవుల్లోనే ఏదో మొదలైనట్లుందని చెప్పాను. "అమ్మకి చెప్పినావా?" అన్నది. ఆమెకెందుకు ఈ గొడవ.

జూలై 19, శుక్రవారం

ఈశ్వరప్ప ఆరున్నరకే వచ్చాడు. ఇద్దరం ప్లగ్గు పీకిన ఆంప్లిఫయరు ముందు కూర్చున్నాం. ఏడు దాటింది. వచ్చింది.

"విన్నావా?" అన్నాను.

అతను తల ఒక పక్కకు వంచి విన్నాడు. అతని ముఖం మారిపోవడం నాకు కనిపించింది. లేచి చెప్పులు వేసుకోబోయాడు.

"ఏమయ్యా?"

"సార్, మా అన్నకి ఇదే ఆపరేషన్ అయినాది. రెండేండ్లు ఉండినాడు ఆపైన. ఈ శబ్దం నేను దినామూ విన్నాను." చెప్పులో కాలు పెట్టాడు. "ఇది ఆంప్లిఫయరుది కాదు. మీరు పెరట్లోకి పోయి చూసుకోండి. నేను పోయొస్తాను."

అతను వెళ్ళిపోయాక వంటింటి కిటికీ దగ్గరికి పోయాను. పెరటి చివర జామచెట్టు కింద పాలు పోసే చిన్నవెంకటమ్మ, క్యాను పక్కన పెట్టుకుని గొంతుక్కూర్చుని ఉంది. ఎదురుగా బట్టలుతికే రాయి మీద వత్సల. మెడకు ఆ యంత్రం ఆనించుకుని మాట్లాడుతోంది. ఒకే స్వరం, హెచ్చూ తగ్గూ లేదు. పెరటి గోడ అవతల మోటారు నడుస్తున్నట్లు. కానీ ఆమె ఎడమచెయ్యి గాల్లో తిరుగుతోంది, కళ్ళు నవ్వుతున్నాయి. చిన్నవెంకటమ్మ కోడలి సంగతి ఏదో. చిన్నవెంకటమ్మ పగలబడి నవ్వుతూ, "అట్లే చెప్తాను దానికి, టీచరమ్మ చెప్పినాదని చెప్తాను" అంటోంది.

తర్వాత చిన్నవెంకటమ్మ గొంతు తగ్గించింది.

"ఇంత బాగా మాట్లాడతా ఉండారు, సారుతో మాట్లాడేదానికేమి అమ్మా? ఇంగా ఎన్ని దినాలు దాచి పెడతారు?"

వత్సల కాసేపు యంత్రం కిందికి దించింది. మళ్ళీ ఆనించుకుంది. చెప్పింది నాకు పూర్తిగా అర్థం కాలేదు. చిన్నవెంకటమ్మకు అర్థమైంది. అర్థమైనదాన్ని తిరిగి ఆమెకే అన్నది, కాబట్టి తెలిసింది.

"వినలేడా? ఎందుకు వినలేడు? చెవులు బాగానే ఉండాయి కదమ్మా ఆయనకి."

కిటికీ దగ్గర నుంచి వచ్చేశాను. బీరువా తెరిచి చూశాను. పెట్టె ఉంది, లోపల ఏమీ లేదు.

జూలై 20

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జూలై 21, ఆదివారం

మధ్యాహ్నం టేపు పెట్టాను.

ఆంప్లిఫయరు తప్పేమీ లేదు. అది రాసిపెట్టుకోవాలి. ఎక్కడా బెదరలేదు, గొంతు పైకి లేచే చోట చిన్న పగులు కూడా లేదు. పాట మొదలెట్టేముందు ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. గాజు ఒకటి తంబూరాకు తగలడం. శకారం కాగితం కోసినట్లు. స్పీకర్లు మాయమై గదిలో మనిషే నిలబడి ఉంది. ముప్పై రెండేళ్ళ వత్సల.

చూస్తే అరవై రెండేళ్ళ వత్సల గుమ్మంలో నిలబడి ఉంది.

పాట అయ్యేదాకా నిలబడింది. తర్వాత పలక మీద రాసి నా ఒళ్ళో పెట్టి పోయింది.

"బాగుంది. మీకు కావలసిన మనిషి దొరికింది."

ఫిబ్రవరిలో జరిగింది ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తాను. ఆస్పత్రిలో మాట నేర్పే అమ్మాయి ఆ యంత్రాన్ని వత్సల మెడకు ఆనించి, మొదటి మాట ఎవరికి చెబుతారు మేడమ్ అంది. వత్సల నా వైపు తిరిగి "ఏమండీ" అన్నది. అప్పటిదాకా పెదవులతోనే ప్రాక్టీసు చేసింది ఆ ఒక్క మాట. నేను నీళ్ళ సీసా తెస్తానని చెప్పి బయటికి వచ్చాను. సీసా నా చేతిలోనే ఉంది, నిండుగా. మెట్ల మీద అరగంట కూర్చున్నాను. తిరిగి పోయేసరికి యంత్రం పెట్టెలో ఉంది, పెట్టె సంచిలో ఉంది. దారంతా ఇద్దరం కిటికీలోంచి చూశాం. అంతే జరిగింది.

ఆమెకు ఇష్టం లేదని శ్రీరక్షకు చెప్పాను. ఇక్కడా రాసుకున్నాను.

జూలై 24

ఏడింటికి ఏమీ వినిపించడం లేదు. మూడు రోజులుగా. నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. బీరువాలో పెట్టె కదిలిందని చూసుకుని ఉంటుంది.

జూలై 26

అన్నం, చారు, మజ్జిగ. పలక మీద "ఉప్పు చూడండి."

జూలై 28, ఆదివారం

పొద్దున క్యాను చప్పుడు విని నేనే పెరట్లోకి పోయాను. వత్సల గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి చిన్నవెంకటమ్మ లేవబోయింది.

"కూర్చో చిన్నవెంకటమ్మా. నువ్వు కూడా వినాల" అన్నాను. మూడో మనిషి ఉంటేనే నేను చెప్పగలనేమో అనిపించింది. "వత్సలా, ఆ దినం నేను నీళ్ళకోసం పోలేదు. నీళ్ళు నా చేతిలోనే ఉండినాయి. మెట్ల మీద కూర్చోని ఉండినాను."

వత్సల గిన్నె కింద పెట్టింది. చిన్నవెంకటమ్మ కొంగుతో క్యాను మూత తుడుస్తూ కూర్చుంది. తర్వాత వత్సల చీర మడతలోంచి యంత్రం తీసి మెడకు ఆనించుకుని ఏదో అన్నది.

నాకు అర్థం కాలేదు. "ఏమన్నావు?" అన్నాను.

మళ్ళీ అన్నది. కాలేదు. మూడోసారి అన్నది. నలభై ఏళ్ళు శబ్దం గురించి పాఠాలు చెప్పినవాణ్ణి, కంపనాలు, తరంగాలు, అనునాదం. నా భార్య చెప్పిన మూడు మాటలు అర్థం కాలేదు.

చిన్నవెంకటమ్మే జాలిపడింది. "'సీసా నేను చూసినాను' అంటా ఉండాది సార్, అమ్మ."

ఆమె చూసింది. ఆ రోజే చూసింది.

నేను ఆ రాయి మీద కూర్చున్నాను. వత్సల పక్కనే కూర్చుంది. కోపం పోయి కాదు, నిలబడలేక. ఇద్దరికీ నిలబడే ఓపిక లేదు.

జూలై 31

నేర్చుకుంటున్నాను. యంత్రంలో అన్ని హల్లులకూ గొంతు కలిసిపోతుంది కాబట్టి 'క' 'గ'లా వినిపిస్తుంది, 'ప' 'బ'లా, 'త' 'ద'లా. హ అసలు రాదు. పెదవులు చూడాలి. ముఖం చూడకుండా వినడం నా పాత అలవాటు, కళ్ళు మూసుకుని వినేవాణ్ణి ఏదైనా. అది ఇక్కడ పనికిరాదు.

పది మాటల్లో ఆరు అర్థమవుతున్నాయి. మిగతా నాలుగింటికి ఆమెకు కోపం వస్తుంది. యంత్రంలో కోపం వినిపించదు. చేతికి వస్తుంది, నా మోకాలి మీద కొడుతుంది.

ఇవాళ అడిగాను, అన్ని నెలలు నాతో ఎందుకు మాట్లాడలేదని. "మీరు మెట్ల మీద ఎన్నిసార్లు కూర్చుంటారు" అన్నది. ఒక్కసారికే అర్థమైంది.

ఆగస్టు 4, ఆదివారం

తనే టేపు పెట్టమన్నది. ఇద్దరం కూర్చుని విన్నాం. ఆమె తల ఊపకుండా, పరీక్ష పేపరు దిద్దుతున్నట్లు విన్నది. అయ్యాక యంత్రం ఆనించుకుంది.

"రెండో చరణంలో గాంధారం తగ్గింది. ఆ దినమే తెలుసు నాకు."

నాకు ఏ రోజూ తెలియలేదు. ఇంత ఆంప్లిఫయరు తెచ్చాక కూడా. మళ్ళీ పెట్టి చూశాను. తగ్గింది, నిజమే. వెంట్రుకవాసి.

"మీరు పాట వినలేదు" అన్నది. "నన్ను విన్నారు."

మెచ్చుకున్నదో తప్పు పట్టిందో ఆ స్వరంలో తెలియదు. ముఖంలో చూశాను. రెండూ ఉన్నాయి.

ఆగస్టు 11, ఆదివారం

కోలారులో ఆమె చెల్లెలు శశికళ ఇంటికి బయలుదేరాం. జనవరి తర్వాత ఆస్పత్రికి కాకుండా బయటికి పోవడం ఇదే మొదటిసారి. మెడకు పలుచటి గుడ్డ కట్టుకుంది. పలక తీసుకుందామా అన్నాను. వద్దంది.

రాబర్ట్‌సన్‌పేటలో సర్కారు బస్సు నిండుగా ఉంది, ఆడవాళ్ళకు ఉచితం కదా. ముందు వైపు ఇద్దరికీ సీటు దొరికింది. కండక్టరు వచ్చాడు. నేను నోరు తెరిచాను, ఆమె నా చెయ్యి నొక్కి ఆపింది. ఆధార్ కార్డు చూపించి, యంత్రం ఆనించుకుని, "కోలారు. నాకు ఫ్రీ, ఈయనకి ఒకటి" అన్నది.

ముందు సీట్లలోని తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఒక బిడ్డ తల్లి మెడ పట్టుకుంది. కండక్టరు వంగాడు.

"ఏందమ్మా? యాడికి?"

చెప్పేయాలని నాకు గొంతు దాకా వచ్చింది. కోలారు అని ఒక్క మాట, ఎంత సేపు. లేచి ఎక్కడికైనా పోవాలని కూడా అనిపించింది, అబద్ధం రాయను. నడుస్తున్న బస్సులో మెట్లు ఎక్కడుంటాయి. ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను.

ఆమె మళ్ళీ చెప్పింది, ఒక్కో అక్షరం విడదీసి. కండక్టరు రెండు టికెట్లు చింపి, ఒకటి ఆమె చేతిలో పెట్టి, ఒకటి నాకిచ్చి, "సరేమ్మా" అని వెనక్కి పోయాడు. తలలు కాసేపు చూసి అలిసిపోయి ముందుకు తిరిగాయి.

ఆమె నుదుటి మీద చెమట. యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని చెయ్యి విదిలించుకుంది. ఊరు దాటాక నా వైపు తిరిగింది.

"ఇంగ మీరు మాట్లాడండి. నాకు చెయ్యి నొస్తా ఉండాది."

"ఏం మాట్లాడేది?"

"ఏమైనా సరే. ఆంప్లిఫయరు గురించి మాత్రం వద్దు."

బంగారపేట దాటేదాకా నాకేమీ తోచలేదు. ఆమె తొందరపెట్టలేదు. దాటాక, ఆ మెట్ల మీది అరగంట నుంచి మొదలుపెట్టాను.